మెట్టా, వాలా? ప్రీరిఫార్మర్ మీద ఒక సంవాదం

కాకినాడలో మా ఇంటి అరుగు మీద, ఆదివారం పొద్దున్న కాఫీలయ్యాక మొదలైన వాదం ఇది. ఒకవైపు మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు. ముప్పై నాలుగేళ్లు అమ్మోనియా ప్లాంట్లో పనిచేసి షిఫ్ట్ ఇన్‌చార్జిగా రిటైరైన మనిషి. ఇంకోవైపు ఆయన మేనకోడలు, మా అమ్మాయి. వేరే ఊళ్లో మరో అమ్మోనియా ప్లాంట్లో ప్రాసెస్ ఇంజనీరు. రెండు నెలల్లో వాళ్ల ప్లాంటు షట్‌డౌన్. ప్రీరిఫార్మర్లో క్యాటలిస్టు ఈసారికి మార్చనక్కర్లేదని అమ్మాయి ఒక నోట్ రాసింది. అది చదివి బావగారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే ఒప్పుకోలేదని అర్థం.

నాలాంటివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. అమ్మోనియాకు నైట్రోజన్, హైడ్రోజన్ కావాలి. నైట్రోజన్ గాలిలోనే ఉంది. హైడ్రోజన్ కోసం సహజవాయువును ఆవిరితో కలిపి, నికెల్ ఉత్ప్రేరకం నింపిన నిలువు గొట్టాల్లోంచి పంపుతారు. ఆ గొట్టాల చుట్టూ మంటలు. అది ప్రైమరీ రిఫార్మర్. నూనెశుద్ధి కర్మాగారాల్లో హైడ్రోజన్ తయారుచేసేదీ చాలాచోట్ల ఇలాగే. ఆ కొలిమికి ముందు మంట లేని ఒక పాత్ర పెడతారు, దాని నిండా కూడా నికెల్ క్యాటలిస్టే. అదే ప్రీరిఫార్మర్. వాయువులో ఉన్న ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ లాంటి బరువైన హైడ్రోకార్బన్లు అందులోనే విరిగి మీథేన్, హైడ్రోజన్, కార్బన్ ఆక్సైడ్లుగా మారిపోతాయి. పెద్ద కొలిమికి మీథేనే మిగులుతుంది.

వాళ్ల మాటలు విన్నవి విన్నట్టే ఇస్తున్నాను. లెక్క తేలిగ్గా ఉండడానికి అంకెలను మాత్రం గుండ్రం చేశాను.

మామయ్య: నింపి ఎన్నాళ్లయింది అమ్మడూ?

అమ్మాయి: 30 నెలలు, మామయ్యా.

మామయ్య: షట్‌డౌన్ నాటికి 32. ఆ తర్వాతి షట్‌డౌన్ మరో 24 నెలలకు. మొత్తం 56 నెలలు లాగాలన్నమాట. గోడౌన్లో కొత్త క్యాటలిస్టు ఛార్జి లేదా?

అమ్మాయి: ఉంది. ఒక ఛార్జి ఎప్పుడూ ఉంచుతాం.

మామయ్య: మరింకేం? ఉన్నది పోసెయ్యండి. ప్లాంటు ఆపుతున్నారు, మ్యాన్‌హోల్ తెరుస్తున్నారు, మనుషులున్నారు. ఇంకో రెండేళ్లు గుండె దడతో నడపడం దేనికి?

అమ్మాయి: మీరు వయసు అడుగుతున్నారు. నేను ఆరోగ్యం చెబుతున్నాను. కొన్ని ప్లాంట్లలో ఇదే క్యాటలిస్టు రెండేళ్లకే చచ్చింది, కొన్నింట్లో ఐదారేళ్లు నిక్షేపంగా నడిచింది. దాన్ని చంపేది కాలెండరు కాదు, లోపలికి ఏం వెళుతోందన్నది.

మామయ్య: అసలు నన్నడిగితే మన గ్యాసుకి ప్రీరిఫార్మరే దండగ. దాని పుట్టుక ఎక్కడో తెలుసా నీకు?

అమ్మాయి: బ్రిటన్‌లో. ఎరువుల కోసం కూడా కాదు, ఇళ్లలో పొయ్యి వెలిగించడానికి. సోలిహల్‌లో గ్యాస్ కౌన్సిల్ పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ ఎఫ్.జె. డెంట్ బృందం నాఫ్తాను ఆవిరితో కలిపి మీథేన్ దండిగా ఉండే గ్యాసు తీసే పద్ధతి కనిపెట్టింది. దాన్ని క్యాటలిటిక్ రిచ్ గ్యాస్, పొట్టిగా సీఆర్‌జీ అన్నారు. 1960ల్లో ప్లాంట్లు కట్టారు. 1965లో ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికింది. 1967 నుంచి 1977 దాకా దేశమంతా పొయ్యిల్ని ఆ వాయువుకు మార్చేశారు. సీఆర్‌జీకి ఉన్న ఊళ్లో పని పోయింది. హైడ్రోజన్, అమ్మోనియా ప్లాంట్లకు వలస వచ్చింది.

మామయ్య: నేనూ అదే అంటున్నా. నాఫ్తా కోసం పుట్టింది. నాఫ్తా నడిపిన రోజుల్లో దాని అవసరం నేను కాదనను. మన కృష్ణా గోదావరి బేసిన్లో లోతు సముద్రం గ్యాసు దాదాపు అంతా మీథేనే. విరగ్గొట్టడానికి అందులో బరువైనది ఏముందని?

అమ్మాయి: మూడు కారణాలు చెబుతాను, వినండి. ఒకటి, ఇప్పుడు మాకొచ్చేది ఒక్క బావి గ్యాసు కాదు. ఓడల్లో వచ్చిన ఎల్‌ఎన్‌జీ కూడా అదే పైపులో కలుస్తుంది. ఈ నెల ఈథేన్ తక్కువ, వచ్చే నెల ఎక్కువ. ఆ హెచ్చుతగ్గులు కొలిమి గొట్టాల దాకా పోకుండా ప్రీరిఫార్మర్ మింగేస్తుంది. రెండు, బరువైనవి లేవు కాబట్టి వాయువును 600 డిగ్రీలు దాటించి మళ్లీ వేడిచేసి కొలిమిలోకి పంపొచ్చు, కాయిల్‌లో మసి పట్టదు. ఆ వేడి పొగల నుంచి వస్తుంది, బయట నుంచి కొనేది కాదు. కొలిమి భారంలో పదో వంతు దాకా ఇలా దిగిపోతుంది. ఆవిరి పాళ్లు కూడా తగ్గించుకోవచ్చు. మేం కార్బన్ ఒక పాలుకి ఆవిరి 3.3 పాళ్లు పంపేవాళ్లం, ఇప్పుడు 2.8. మిగిలిన ఆ సగం పాలు ఆవిరిని వేడిచెయ్యడం, మళ్లీ చల్లార్చడం రెండూ తప్పాయి. 2015 యూరియా విధానం ప్లాంట్లను మూడు గుంపులు చేసి, టన్నుకు 5.5, 6.2, 6.5 గిగాకేలరీలని గీత గీసింది కదా. ఆ గీత దగ్గర ప్రతి చిన్న పొదుపూ లెక్కకొస్తుంది.

మామయ్య: మూడోది?

అమ్మాయి: సల్ఫర్. ముందున్న సల్ఫర్ తీసే బెడ్లను తప్పించుకుని వచ్చే కాస్త సల్ఫర్ని ప్రీరిఫార్మర్ నికెల్ పట్టేసుకుంటుంది. 450 డిగ్రీల దగ్గర పట్టిందంటే ఇక వదలదు. అందుకే కొలిమిలో క్యాటలిస్టు, ఆ తర్వాత లో టెంపరేచర్ షిఫ్ట్ క్యాటలిస్టు చల్లగా ఉంటాయి.

మామయ్య: అంటే తను విషం తాగి వెనకవాళ్లను కాపాడుతోంది. అలాంటిది ఎప్పుడో ఒకప్పుడు చావాల్సిందే కదా? మరి ఎప్పుడు చస్తుందో నీకెలా తెలుసు?

అమ్మాయి: అదే చెబుతుంది. దీని గొప్పతనం అక్కడే ఉంది మామయ్యా. అగరొత్తి చూడండి. పైన బూడిద, మధ్యలో నిప్పు, కింద ఇంకా అంటుకోని పుల్ల. ఈ బెడ్డూ అంతే. విషం పై నుంచి వస్తుంది కాబట్టి పై పొర ముందు చస్తుంది. దాని కింద చర్య జరిగే పట్టీ. ఆ కింద పని కోసం ఎదురుచూస్తున్న క్యాటలిస్టు. నిప్పు ఎక్కడుందో థర్మోకపుల్స్ చెబుతాయి.

మామయ్య: అంకెలు చెప్పు.

అమ్మాయి: బెడ్డు 3 మీటర్లు. 8 థర్మోకపుల్స్. గ్యాసు 490 దగ్గర వచ్చి 450 దగ్గర పోతుంది. సహజవాయువుకు ఈ చర్య మొత్తం మీద వేడిని తాగేస్తుంది కాబట్టి 40 డిగ్రీలు దిగుతుంది. నాఫ్తా అయితే ముందు కొంచెం దిగి తర్వాత పైకి లేస్తుంది, చదవడం వేరు. మాది గ్యాసు. ఈ 40లో 90 శాతం, అంటే 36 డిగ్రీలు, ఎంత లోతులో దిగిపోయాయో చూస్తాం. ఆ లోతు పేరు జెడ్90. కొత్తలో 60 సెంటీమీటర్లు. ఇప్పుడు 138.

మామయ్య: 138 దాకా సగం చచ్చిందన్నమాట.

అమ్మాయి: చావడం అనకండి, అక్కడిదాకా వాడుకున్నాం. కిందంతా చర్యకు చోటుండాలి కాబట్టి 240 దగ్గర గీత గీశాం. ఇంకా 102 సెంటీమీటర్లు ఉంది. నెలకు 2 సెంటీమీటర్లు కిందికి జరుగుతోంది. 51 నెలలు వస్తుంది. మనకు కావాల్సింది 26. సగం వాడి సగం పారెయ్యమంటారా?

మామయ్య: లెక్క బాగుంది. లెక్కలెప్పుడూ బాగానే ఉంటాయి. ఆ థర్మోకపుల్స్ దించిన థర్మోవెల్స్ ఎన్ని?

అమ్మాయి: ఒకటే. నడి మధ్యలో.

మామయ్య: మూడు మీటర్ల బెడ్డుకు మధ్యలో ఒక్క పుల్ల గుచ్చి మొత్తం అన్నం ఉడికిందంటున్నావు. నింపేటప్పుడు ఒక పక్క వదులుగా పడితే గ్యాసు గోడ వెంబడి జారిపోతుంది. నడి మధ్యలో నీ బొమ్మ అందంగానే వస్తుంది, పక్కన మాత్రం ఖాళీ.

అమ్మాయి: నిజమే. అందుకే దాన్నొక్కదాన్నే నమ్మలేదు. బయటికి వచ్చే గ్యాసును క్రొమటోగ్రాఫ్‌లో చూస్తున్నాం, ఈథేన్ కనిపించలేదు. గ్యాసు పక్క నుంచి జారిపోతుంటే ముందు అక్కడే దొరికిపోవాలి. బెడ్డు మీద ప్రెషర్ డ్రాప్ మొదటి రోజు ఎంతుందో ఇప్పుడూ అంతే.

మామయ్య: ఈథేన్ కనిపించకపోవడం గురించి ఒక మాట. ఒకటిన్నర మీటర్ల క్యాటలిస్టు ఇంకా బతికుండగా ఈథేన్ ఎందుకు కనిపిస్తుంది? డబ్బాలో అడుగున గుప్పెడు బియ్యం ఉన్నా ఆ పూటకి అన్నం వండుకోవచ్చు. అయిపోయిన రోజునే తెలుస్తుంది. ఈథేన్ కనిపించిందంటే అప్పటికే చేతులు కాలాయి.

అమ్మాయి: అది వెనకొచ్చే గుర్తే, ఒప్పుకుంటాను. ముందొచ్చే గుర్తు జెడ్90. రెండూ కలిపి చూడాలి.

మామయ్య: ట్రిప్పులు? ప్లాంటు ఉన్నట్టుండి ఎన్నిసార్లు ఆగింది?

అమ్మాయి: 30 నెలల్లో 7. అందులో ఒకటి తుపానుకి కరెంటు పోయినప్పుడు.

మామయ్య: ప్రతి ట్రిప్పులో రెండు గండాలు. ఆవిరి ముందు ఆగి గ్యాసు నడిస్తే మసి. గ్యాసు ఆగి ఒట్టి ఆవిరి నడిస్తే నికెల్ ఆక్సైడ్ అయిపోతుంది, మళ్లీ దాన్ని నికెల్ చెయ్యడానికి ఆ పాత్రలో ఉండే వేడి చాలదు. ఆవిరితో పాటు ఎప్పుడూ కాసింత హైడ్రోజన్ ఉండాలి. క్యాటలిస్టు దిమ్మలో మెగ్నీషియా ఉంటే ఇంకో గొడవ. చల్లటి బెడ్డు మీద ఆవిరి తగిలితే అది నీరు పట్టి ఉబ్బి పిండైపోతుంది. అందుకే పొడి నైట్రోజన్‌తో వేడెక్కాకే ఆవిరి ఇస్తాం. ఈ దెబ్బలన్నీ నీ గీతలో కనిపిస్తాయా?

అమ్మాయి: కొన్ని కనిపిస్తాయి. ప్రతి ట్రిప్పు తర్వాత, లోడ్ నిలకడ పడ్డాక, పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పెట్టి చూశాను. ఆరింటికి తేడా లేదు. తుపాను ట్రిప్పుకు మాత్రం చర్య పట్టీ కొంచెం వెడల్పైంది. మసి పడితే, పిండైతే ప్రెషర్ డ్రాప్ లేవాలి. లేవలేదు.

మామయ్య: బాగానే చూశావు. కానీ నేను చూసింది నువ్వు చూడలేదు. ఒక ప్లాంట్లో, పేరెందుకులే, రాత్రి షిఫ్ట్‌లో పీప్‌హోల్లోంచి కొలిమిలోకి చూశాను. గొట్టాల పైనుంచి మూడో వంతు దగ్గర ఎర్రటి పట్టీలు, గాజులు తొడిగినట్టు. బరువైన హైడ్రోకార్బన్లు కొలిమిలోకి వచ్చి పైభాగంలో మసి పడితే, అక్కడ వేడిని తాగే చర్య ఆగిపోతుంది. తాగేవాడు లేకపోతే వేడంతా గొట్టానికే. ఆ గొట్టాలు లక్ష గంటలు బతకాలని కట్టినవి. 20 డిగ్రీలు ఎక్కువ నడిపితే ఆయుష్షు సగమని మా నానుడి. ఒక్క ప్రీరిఫార్మర్ ఛార్జి ఖర్చు చూసుకుని ఆ గొట్టాల వరసను పోగొట్టుకుంటావా?

అమ్మాయి: అప్పుడేం చేశారు?

మామయ్య: ఇంకేం చేస్తాం? ప్రీరిఫార్మర్ చచ్చిందన్నాం. బెడ్డు తీసి కొత్తది పోశాం.

అమ్మాయి: పట్టీలు పోయాయా?

మామయ్య: (కాసేపు ఆగి) పోలేదు. పదిహేను రోజుల్లో మళ్లీ వచ్చాయి. ప్రీరిఫార్మర్ బైపాస్ వాల్వ్ పాసింగ్. పచ్చి గ్యాసు బెడ్డును తప్పించుకుని నేరుగా కొలిమికి పోతోంది.

అమ్మాయి: అంటే పాత క్యాటలిస్టు తప్పేమీ లేదు.

మామయ్య: లేదు.

అమ్మాయి: అత్త మీద కోపం దుత్త మీద చూపించారన్నమాట.

మామయ్య: నవ్వు, నవ్వు. ఆ నెల రోజులు నిద్ర లేనిది నాకు.

అమ్మాయి: నవ్వడం లేదు మామయ్యా. మార్చడం కూడా ఒక గండమే అంటున్నాను. తీసేటప్పుడు ఆ నికెల్‌కు గాలి తగిలితే అంటుకుంటుంది, నైట్రోజన్ కిందే తీయాలి. లోపల మనిషి ఉంటే ఆయనకు ఊపిరి బయట నుంచి పైపులో రావాలి. చల్లారేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ మిగిలి ఉంటే, 200 డిగ్రీల కింద నికెల్ కార్బొనిల్ పుడుతుంది.

మామయ్య: దాని పేరెత్తకు. కొంచెం పీల్చినా మనిషి దక్కడు. 200కి దిగకముందే కార్బన్ మోనాక్సైడ్ మొత్తం ఊది వెళ్లగొట్టాలి. ఆ ఒక్క మెట్టు దగ్గర నేను ఎవర్నీ నమ్మేవాణ్ని కాదు, నేనే నిలబడేవాణ్ని.

అమ్మాయి: మరి ఆ గండమూ, ఖర్చూ నెత్తిన పెట్టుకుని బాగున్నదాన్ని తీయడం దేనికి? పైగా గోడౌన్లో ఉన్న ఛార్జి పోసేస్తే గోడౌన్ ఖాళీ. రేపు పొరపాటున ఏదైనా జరిగితే పొయ్యడానికి ఏమీ ఉండదు.

మామయ్య: ఆ మాటకు మాత్రం నాకు జవాబు లేదు. సరే, నీ గీత నాకు చూపించు. అంకె కాదు, చుక్కలు చూపించు.

ఇక్కడ అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి తిప్పి పెట్టింది. అడ్డంగా నెలలు, నిలువుగా సెంటీమీటర్లు, నెలకో చుక్క. బావగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

మామయ్య: 24 నెలల దాకా గీత చక్కగా ఉంది. 60 నుంచి 108కి వచ్చింది, నెలకు రెండేసి. బాగుంది. తర్వాత ఆరు చుక్కలు గీత మీద లేవేం?

అమ్మాయి: ఆ నెల నుంచి గ్యాసు మారింది మామయ్యా. ఎల్‌ఎన్‌జీ పాలు పెరిగింది, ఈథేన్ పెరిగింది. ఈథేన్ ఎక్కువుంటే బొమ్మ ఆకారమే మారుతుంది. పాత చుక్కల్నీ కొత్త చుక్కల్నీ ఒక గీతలో కలపకూడదు. అందుకే ఆ తేడా గ్యాసు వల్ల వచ్చిందని పక్కన పెట్టి, వేగం మాత్రం పాత 24 నెలల నుంచే తీసుకున్నాను.

మామయ్య: అది సబబే. ఇప్పుడు ఒక్కటి చెప్పు. గ్యాసు మారినందుకు వచ్చిన తేడా మెట్టులా ఉండాలా, వాలులా ఉండాలా?

అమ్మాయి: అంటే?

మామయ్య: గ్యాసు ఒక రోజు మారింది. ఆ రోజు నీ చుక్క ఒక్కసారి కిందికి దిగాలి. దిగి, అక్కణ్నించి మళ్లీ నెలకు రెండేసి జరగాలి. అది మెట్టు. అలా కాకుండా రోజురోజుకీ దిగుతూ పోతుంటే అది వాలు. గ్యాసు మారడం మెట్టు వేస్తుంది. వాలు వెయ్యడానికి ఇంకెవరో ఉండాలి. నీ ఆరు చుక్కలు చదువు.

అమ్మాయి: 113. 118. 123. 128. 133. 138.

తర్వాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు అర్థమైంది ఒక్కటే: ఐదేసి.

అమ్మాయి: మెట్టు కాదు. వాలు. నెలకు 5.

మామయ్య: ఇప్పుడు భాగించు.

అమ్మాయి: 102ని 5తో. 20 నెలలు. మనకు కావాల్సింది 26.

మామయ్య: ఆరు నెలల ముందే అయిపోతుంది. నీ నోట్ తప్పు.

అమ్మాయి: తప్పే. కానీ మామయ్యా, మీ మాటా ఒప్పు కాదు. ఈ వాలు ఇలాగే ఉంటే మీరు పోసే కొత్త ఛార్జి కూడా నెలకు 5 చొప్పునే తరుగుతుంది. మీ బైపాస్ కథే మళ్లీ.

మామయ్య: అదీ మాట. ఇప్పుడు ప్రీరిఫార్మర్ని వదిలెయ్. ముందుకు నడువు. ఆ నెలలో ఇంకేం మారింది?

అమ్మాయి: గ్యాసు మారేటప్పుడు నాలుగు రోజులు లోడ్ తగ్గించారు. సల్ఫర్ పట్టే జింక్ ఆక్సైడ్ బెడ్డు దాటాక సల్ఫర్ లేదనే ల్యాబ్ రిపోర్టు, ప్రతి వారం.

మామయ్య: ల్యాబ్ చూసేది ఏ సల్ఫర్?

అమ్మాయి: హైడ్రోజన్ సల్ఫైడ్.

మామయ్య: ఒట్టి హైడ్రోజన్ సల్ఫైడే అయితే జింక్ ఆక్సైడ్ దాన్ని వదలదు కదా. ల్యాబ్ వెతుకుతున్నది అక్కడ ఉండని దొంగను. మెర్కాప్టన్ల లాంటి సేంద్రియ సల్ఫర్ని ముందు కోబాల్ట్ మాలిబ్డినం బెడ్డు హైడ్రోజన్‌తో కలిపి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చాలి. అప్పుడే జింక్ ఆక్సైడ్ పట్టుకుంటుంది. మారకపోతే రెండూ దాటి నేరుగా నీ నికెల్ మీదికి వస్తుంది. ఆ బెడ్డు ఇన్‌లెట్ ఎంత?

అమ్మాయి: ఒక్క నిమిషం. డిజైన్ 370. ఇప్పుడు... 340. మామయ్యా, ఆ నాలుగు రోజులు లోడ్ తగ్గించినప్పుడు సెట్‌పాయింటు దించారు. లోడ్ పెంచాక మళ్లీ ఎత్తలేదు. రీసైకిల్ హైడ్రోజన్ కూడా అప్పుడు తగ్గించినదే.

మామయ్య: ఆరు నెలల నుంచి ఎవరూ చూడలేదు.

అమ్మాయి: ప్రీరిఫార్మర్ చూసింది. నేనే దాని మాట వినలేదు.

మామయ్య: 30 డిగ్రీలకు అంత తేడా వస్తుందా అని ఎవరైనా అడుగుతారు. లెక్క దగ్గర పెట్టుకో.

అమ్మాయి: గంటకు 40,000 ఘనమీటర్ల గ్యాసు. అందులో సల్ఫర్ పది కోట్ల పాళ్లలో ఐదు పాళ్లనుకుందాం, 0.05 పీపీఎం. గంటకు మూడు గ్రాముల లోపు. నెలకు రెండు కిలోలు.

మామయ్య: రెండు కిలోలు! వంటింట్లో పంచదార డబ్బా అంత. మామూలు రిపోర్టులో అది సున్నా అనే రాస్తారు. నికెల్‌కు మాత్రం ప్రతి గ్రామూ లెక్కే.

అమ్మాయి: ల్యాబ్ చూసేది వారానికి ఒక్క సీసా గ్యాసు. ప్రీరిఫార్మర్ ఆరు నెలలు వచ్చినదంతా ఒడిలో పోగేసి పెట్టింది. అది క్యాటలిస్టు బెడ్డే కాదు, ముందున్న బెడ్ల మీద సాక్షి.

మామయ్య: ఏం చేస్తావిప్పుడు?

అమ్మాయి: రేపు సెట్‌పాయింటు 370కి ఎత్తిస్తాను, హైడ్రోజన్ డిజైన్ మేరకు పెట్టిస్తాను. దానికి షట్‌డౌన్ అక్కర్లేదు. జింక్ ఆక్సైడ్ తర్వాత మొత్తం సల్ఫర్ పరీక్ష, ఒక్క హైడ్రోజన్ సల్ఫైడ్ కాదు. బైపాస్ వాల్వ్ పాసింగ్ ఉందేమో కూడా చూడమంటాను, మీ కథ విన్నాక. తర్వాత రెండు నెలలు రోజూ జెడ్90. వేగం 2కి దిగితే షట్‌డౌన్ నాటికి 142 ఉంటుంది. మిగిలిన 98ని 2తో భాగిస్తే 49 నెలలు. మార్చక్కర్లేదు. 5లోనే ఉంటే 148. మిగిలిన 92కి 18 నెలలు. అప్పుడు మారుస్తాం.

మామయ్య: 142కీ 148కీ మధ్య ఆరు సెంటీమీటర్లు. నీ థర్మోకపుల్స్ ఒక్కోటి ముప్పై నలభై సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆ తేడా వాటికి తెలుస్తుందా?

అమ్మాయి: ఒక్క రోజు రీడింగుకు తెలియదు. అరవై రోజుల రీడింగులకు తెలుస్తుంది. కాకపోతే లోడ్, ఇన్‌లెట్, ఆవిరి పాళ్లు కదపకుండా ఉంచాలి. మారిన రోజుల చుక్కల్ని వేరే రంగులో పెడతాను.

మామయ్య: వేరే రంగులో పెట్టు, కానీ పక్కన పెట్టెయ్యకు. ఈసారి చేసింది అదే.

అమ్మాయి: సరే మామయ్యా.

మామయ్య: ఇంకొకటి. మనుషుల్ని, నైట్రోజన్‌ని, కాంట్రాక్టర్ని మార్పుకు సిద్ధంగానే ఉంచమను. గీత చివరి వారం దాకా చూసి అప్పుడు తేల్చండి. తెరవాల్సి వచ్చాక అప్పుడు వెతుక్కోకూడదు.

అమ్మాయి: అది మీ మాటగానే రాస్తాను.

ఆ రాత్రే అమ్మాయి పాత నోట్ వెనక్కి తీసుకుని కొత్తది పంపింది. మొదటిది నాలుగు పేజీలు, ప్రీరిఫార్మర్ గురించి. రెండోది ఒక పేజీ. అందులో ప్రీరిఫార్మర్ మీద ఒకే వాక్యం ఉంది, మార్పు నిర్ణయం షట్‌డౌన్‌కు వారం ముందు అని. మిగతాదంతా కోబాల్ట్ మాలిబ్డినం బెడ్డు ఇన్‌లెట్ గురించి, ల్యాబ్ పరీక్ష గురించి.

నేనిది రాస్తున్న నాటికి ఇరవై రోజుల చుక్కలు వచ్చాయి. వాలు తగ్గినట్టే కనిపిస్తోందని అమ్మాయి అంటుంది. ఇరవై చుక్కలతో తీర్పు చెప్పకూడదని బావగారు అంటారు. కొత్త క్యాటలిస్టు డ్రమ్ములు మాత్రం సీలు విప్పకుండా గోడౌన్లోనే ఉన్నాయి.